పాత మోటారుకారు – గాలి నిరోధము – పెట్రోలు పొదుపు

మన సహకార సంఘముల సభ్యులలో ననేకుల యిండ్ల ముంగిట నేడొక పాత మోటారుకారు నిలిచియుండును. కొందఱకది తండ్రుల నాటి అంబాసిడరు. మఱికొందఱకు చేతులు మారి వచ్చిన మారుతి 800. విత్తనపు సంచులను తెచ్చుటకును, రోగులను ఆసుపత్రికి చేర్చుటకును, చుట్టములను పెండ్లికి దింపుటకును ఆ బండియే యాధారము. అంబాసిడరు కలకత్తా చేరువనున్న ఉత్తర్‌పారా కర్మాగారమున తయారై, 2014లో నిలిచిపోయినది. మారుతి 800 తయారీ కూడ ఆ సంవత్సరముననే ముగిసినది. కావున వీనిలో క్రొత్తది కొనుట యను మాట లేదు. ఉన్నదానినే పొదుపుగా నడుపుకొనవలెను. పెట్రోలు లీటరు వెల నూఱు రూపాయలు దాటిన యీ దినములలో ఆ పొదుపు విషయమై ప్రతి గృహస్థుడును విచారించుట సహజము.

"కారు ముందుభాగమును కోసి గాలికి అనువుగా మలచినచో, దీపములపై నున్నని మూతలు బిగించినచో, వెనుక నొక తోక యమర్చినచో, లీటరుకు వచ్చు దూరము పెరుగును" అని చెప్పు పనివారు పట్టణములందు కలరు. ఈ మాట యబద్ధము కాదు. కాని యది యే బండికి, ఏ వేగమున, ఏ త్రోవపై నిజమగునో తెలిసికొనక వేలకొలది రూపాయలు వెచ్చించినవాడు ఆ సొమ్మును మరల కండ్ల చూడడు. అందుచేత ఆ సంగతి కొంత వివరముగ వ్రాయుచున్నాము.

కారు సమమైన త్రోవపై నిలుకడ వేగమున పోవునపుడు దానిని వెనుకకు లాగునవి ముఖ్యముగ రెండు. ఒకటి చక్రముల దొరలుడునందలి నిరోధము. టైరు నేలను తాకినచోట అణగి మరల లేచుచుండుటచే నిది కలుగును. ఇది బండి బరువును, టైరులోని గాలిని బట్టి యుండునుగాని, వేగమును బట్టి యంతగా మారదు. రెండవది గాలి నిరోధము. ఇది బరువు నెఱుగదు. బండి యాకారమును, ముఖ వైశాల్యమును, అన్నిటికంటె నెక్కువగ వేగమును ఎఱుగును. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును.

ఎడ్లబండి కాడిపై పడు లాగుడు మన కందఱకు పరిచితమే గనుక, ఈ లెక్కను కూడ కిలోల లాగుడుగనే చెప్పుదము. అంబాసిడరు వంటి బండి మనుష్యులతో కలిసి 1,300 కిలోల బరువున్నదనుకొందము. మంచి తారురోడ్డుపై దాని చక్రములు దొరలుటకు సుమారు 17 కిలోల లాగుడు వలయును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున గాలి నిరోధము సుమారు 8 కిలోలు. 60 కిలోమీటర్లకు 18 కిలోలు. ఇచ్చట రెండును సమానమైనవి. 80 కిలోమీటర్లకు 32. నూఱు కిలోమీటర్ల వేగమున 50 కిలోలు, అనగా చక్రముల నిరోధమునకు మూడింతలు. ఈ యంకెలు త్రాసున తూచినవి కావు. బండి ముఖ వైశాల్యము 2.2 చదరపు మీటర్లనియు, గాలి నిరోధ గుణకము 0.5 అనియు ఊహించి కట్టిన లెక్క. ఒక బండికిని మఱొక బండికిని కొంత భేదముండును. లెక్క చూపు దారి మాత్రము మారదు.

మన బండ్లు ఏ వేగమున నడచుచున్నవి? ఊరినుండి మండల కేంద్రమునకు, అచ్చటనుండి మార్కెట్టు యార్డునకు పోవునపుడు గంటకు 40 కిలోమీటర్లు నిలుకడగా సాగుటయే గొప్ప. ఆ వేగమున గాలి వంతు మూడింట నొకటి కంటె తక్కువ. ఇంజను తన్ను తాను త్రిప్పుకొనుటకును, బ్రేకు వేసి మరల వేగము పుంజుకొనుటకును అగు ఖర్చు వేఱుగ నుండనే యున్నది. కావున బండి యాకారమును చక్కదిద్ది గాలి నిరోధమును నూటికి పది వంతులు తగ్గించినను, మన ఊరి త్రోవలపై పెట్రోలు ఖర్చు నూటికి రెండు వంతులు తగ్గుటయే యెక్కువ. జాతీయ రహదారిపై 80, 90 కిలోమీటర్ల వేగమున నిత్యము విజయవాడకో హైదరాబాదునకో పోవువారి సంగతి వేఱు. వారికి నూటికి నాలుగైదు వంతులు మిగులవచ్చును.

గాలికి అనుకూలమైన కారు నిర్మింపవలెనను తలంపు మోటారుకారంత పాతది. 1921లో జర్మనీ దేశమున ఎడ్మండ్ రుంప్లర్ అను ఇంజనీరు నీటిబొట్టు ఆకారమున నొక కారు కట్టెను. దానిని 1979లో ఫోక్స్‌వాగన్ సంస్థవారు తమ గాలి సొరంగమున పెట్టి కొలువగా, గుణకము 0.28 మాత్రమే వచ్చినది. నేటి మంచి కార్లకును అంతకంటె నెంతో తక్కువ రాదు. ఐనను ఆ బండి నాడు అమ్ముడుపోలేదు. కొన్నిటిని టాక్సీలుగ త్రిప్పిరి, మఱికొన్నిటిని 1927లో విడుదలైన మెట్రోపొలిస్ అను మూకీ చిత్రమున తగులబెట్టిరి. శాస్త్రము గొప్పదైనంత మాత్రమున కొనువాడు దొరకడు గదా! 1930ల దశకమున వునిబాల్డ్ కామ్ అను ఆచార్యుడు మఱొక సంగతి కనిపెట్టెను. బొట్టు యొక్క పొడవైన తోక యంతయు నక్కఱలేదు. సన్నబడుచు పోవు తోకను నడుమ నిలువున కోసివేసినను లాభములో పెద్దపాలు నిలుచును. నేటి కార్ల వెనుకభాగము హఠాత్తుగ తెగినట్లుండుట కిది యొక కారణము.

1973 నాటి చమురు కఱవు వచ్చినపిమ్మట ఈ విద్యకు మరల గిరాకి కలిగినది. అమెరికాలో నాసా శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియా యెడారి యందు ఒక ఫోర్డు వ్యానునకు నలుప్రక్కల అల్యూమినియము రేకులు కట్టి, చెప్పుల పెట్టె వలె మొనదేలిన యంచులతో నడపిరి. పిదప ఆ యంచులను గుండ్రముగ చేసి మరల నడపిరి. గాలి నిరోధము సగమునకు మించి తగ్గినది. అదే కాలమున జర్మనీలో ఫోక్స్‌వాగన్ ఇంజనీర్లు ఇంకొక ముఖ్య విషయము గ్రహించిరి. అంచు కొద్దిగ గుండ్రమైనచో చాలును. అంతకు మించి యెంత నునుపు చేసినను లాభము నిలిచిపోవును.

పాత కారు గలవాడు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యిదియే. అంబాసిడరు ముఖము మొదలే గుండ్రనిది. దాని బానెట్టును, మడ్గార్డులను కోసి తీర్చుటవలన వచ్చునది స్వల్పము. గాలి దానిని పట్టి లాగునది నిటారైన ముందటి యద్దమువద్ద, ఎగుడుదిగుడులతో నిండిన అడుగుభాగమునందు, వెనుక సుడులు తిరుగుచోట. ఇవి రేకు కత్తిరించి బాగుచేయదగినవి కావు. నీటి కాలువలో రాయి యడ్డుపడినపుడు, రాతి ముందుకంటె వెనుకనే నీరు సుడి తిరుగుటను చూచినవారికి ఇది సులభముగ బోధపడును.

ఇక చేయదగిన పనులు. వీనిలో మొదటిది చేర్చుట కాదు, తీసివేయుట. పైకప్పున ఏడాది పొడుగున వట్టిదిగ నుండు ఇనుప క్యారియరు అన్నిటికంటె పెద్ద దొంగ. అమెరికా ప్రభుత్వ పరిశీలనల ప్రకారము కప్పుపై పెద్ద మొండిపెట్టె నుంచినచో పట్టణములో నూటికి 2 మొదలు 8 వంతులును, రహదారిపై 6 మొదలు 17 వంతులును ఇంధనము వృథా యగును. మన క్యారియరు వట్టిదైనపుడు అంత కాకపోయినను, దాని కమ్మీలలో ప్రతిదియు గాలిని చీల్చుచు ఈల వేయుచుండును. ఆ యీల మన పెట్రోలుతో ఊదినదే. మూటలు వేయు దినమున బిగించుకొని, పిదప నాలుగు బోల్టులు విప్పి కొట్టములో పెట్టుకొనుట మేలు. అట్లే ముందటి యద్దముపై యెండకు పెట్టిన రేకు పందిరి, జాలీ ముందు వరుసగ బిగించిన అదనపు దీపములు, ముక్కునకు తగిలించిన ఇనుప కమ్మీల కవచము తీసివేయదగినవి. ఆ కవచము నెటులైనను తీసివేయవలసినదే. అది ఎదుటి మనిషికి ప్రాణాపాయమనియు, చట్టవిరుద్ధమనియు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసియున్నది.

తీసివేసిన పిమ్మట, చేర్చదగినది ఒక్కటి కలదు. ముందటి బంపరు క్రింద వ్రేలాడునట్లు రబ్బరు పట్టీ నొకదానిని అడ్డముగ బిగించినచో, అడుగుభాగపు ఎగుడుదిగుడులలోనికి దూరు గాలి కొంత తగ్గును. పాత మిల్లు బెల్టు ముక్క చాలును. అది రేకుదిగాని, చెక్కదిగాని కారాదు. గట్టును తాకినపుడు వంగి మరల నిలువవలెను. ఇంజను క్రింది గట్టి భాగములకంటె క్రిందికి దిగరాదు. దీనివలని లాభము రహదారిపైననే కానవచ్చును. పొలము బాటలలో నడచు బండికి దీని జోలికి పోనక్కఱలేదు.

చలిదేశముల మోటారు ప్రియులు చేయు పనులు కొన్ని మనకు హానికరములు. వారు రేడియేటరు ముందటి జాలీని అట్టతో మూసివేయుదురు. లోనికి పోవు గాలి తగ్గుటచే నిరోధము తగ్గునుగదా యనియు, చలిలో ఇంజను త్వరగ వేడెక్కుననియు వారి యుద్దేశము. రెంటచింతల, రామగుండము వంటి తావులలో 45 డిగ్రీలు దాటు వేసవి యందు ఈ పని చేసినచో నీరు మరగి, హెడ్డు గాస్కెటు కాలి, పది సంవత్సరముల పొదుపు నొక్క దినమున పోగొట్టుకొనవలసి వచ్చును. అట్లే కారు అడుగున ప్లాస్టిక్ పళ్లెము బిగించు పద్ధతి కలదు. మన రోడ్లపై ఉలవ, కంది, వరి గడ్డిని పఱచి బండ్లచే త్రొక్కించు నలవాటున్నంత కాలము ఈ పని తలపెట్టరాదు. అడుగు పళ్లెమునకును పొగగొట్టమునకును నడుమ ఎండుగడ్డి చిక్కుకొన్నచో నిప్పంటుకొనును. పళ్లెము లేని బండి కైనను గడ్డిపై నడచిన పిదప ఆగి, అడుగున చూచి, చుట్టుకొన్నదానిని లాగివేయుట మంచిది.

వెనుక పొడవైన తోకను తగిలించి, అడుగు మూసి, చక్రములు కప్పి, 1992 నాటి హోండా సివిక్ నొకదానిని గాలి కనుకూలముగ మార్చిన ఒక అమెరికా దేశస్థుని ప్రయత్నము ప్రపంచమున ప్రసిద్ధికెక్కినది. అది నిజమైన ప్రతిభయే. ఐతే వారి రహదారుల వేగము మనదానికి రెట్టింపు. ఆ తోకను మన సంత వీధిలో త్రిప్పుటకే చోటుండదు.

దీపముల విషయము ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఏలయన నిందు పెట్రోలుతో పాటు ప్రాణములు కూడ ఇమిడియున్నవి. తొలినాళ్ల కార్ల దీపములు కుండల వలె మడ్గార్డుల నడుమ కమ్మీలపై నిలిచియుండెడివి. క్రమముగ నవి మడ్గార్డులలో కలిసిపోయినవి. 1967లో ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ డి.ఎస్. కారు దీపములను నున్నని గాజు వెనుక నుంచిరి. అమెరికాలో 1940 మొదలు ప్రభుత్వము నిర్ణయించిన కొలతలు గల దీపములనే వాడవలెనను నియమముండెను. కారు ముక్కు ఎట్లు వాలినను దీపము మాత్రము నిలువుగ నుండవలసివచ్చెను. దీపముల ముందు అద్దపు మూతలను కూడ 1968 నుండి అచ్చట నిషేధించిరి. ఇంధన పొదుపునకై కార్ల కంపెనీలు మొఱపెట్టగా 1983లో ఆ నియమమును సడలించిరి. 1984 నాటి లింకన్ మార్క్ 7 కారు ముఖముతో కలిసిపోవు దీపములతో వెలువడినది. ఇది చదివి మన పాత కారునకు కూడ నున్నని మూతలు వేయింతమని కొందఱు తలంపవచ్చును. కాని ఆ కంపెనీలు దీపమును, దాని వెనుకటి అద్దమును, ముందటి గాజును కలిపి క్రొత్తగ నిర్మించినవి. మనము పాత దీపముపై ప్లాస్టిక్ మూత తగిలించుట అట్టిది కాదు. ఎండకు మూత పచ్చబడును, దుమ్ముకు గీతలు పడును, వానకు లోపల చెమ్మ పట్టును. వెలుగు చెదరి ఎదుటివాని కండ్లలో పడును; మన త్రోవపై తగ్గును. గుండ్రని మడ్గార్డులో కూర్చున్న ఏడంగుళముల దీపమును మూయుటవలన తగ్గు గాలి నిరోధము, మనము కొలువజాలనంత స్వల్పము.

దీపములు త్రాగు పెట్రోలు వేఱొక లెక్క. రెండు 55 వాట్ల బుడ్లు, వెనుకటి యెఱ్ఱ దీపములు మొదలగునవి కలిసి 140 వాట్లు అనుకొందము. ఆ విద్యుత్తును పుట్టించు ఆల్టర్నేటరులో సగము వ్యర్థమగును. దానిని త్రిప్పు ఇంజను పెట్రోలులోని శక్తిలో నాలుగింట నొక వంతును మాత్రమే పనిగ మార్చును. ఇట్లు లెక్క కట్టగా గంటసేపు దీపములు వెలిగినచో లీటరులో సుమారు ఎనిమిదవ వంతు ఖర్చగును. ఏడాదికి 150 గంటలు రాత్రి ప్రయాణము చేయువానికి ఇది సుమారు 19 లీటర్లు. ఎల్.ఇ.డి. బుడ్లు పెట్టినచో ఇందులో సగము మిగులునుగాని, హాలోజెను బుడ్డికై చేసిన దీపములో ఎల్.ఇ.డి. బుడ్డి దూర్చినచో వెలుగు పుట్టుచోటు మారి, కాంతి కట్టుబాటు తప్పును. ఎదురుగ వచ్చు మోటారుసైకిలువానికి కండ్లు చెదరును. తొమ్మిది పది లీటర్ల కొఱకు ఒకని ప్రాణము పణముగ పెట్టదగదు. వెన్నెల రాత్రులందు దీపములార్పి పోవు డ్రైవర్లు కొందఱు కలరు. వారు గంటకు పది పండ్రెండు రూపాయల పెట్రోలు మిగుల్చుకొని, వెనుక దీపము లేని ట్రాక్టరు తొట్టికిని, రోడ్డుపై రాసిగ పోసిన ధాన్యమునకును, గేదెల మందకును ఎదురేగుచున్నారు.

దీపములపై డబ్బు పెట్టదలచినవారు ఈ పనులు చేయింతురుగాక. పాత కార్లలో తీగలు సన్నబడి, తుప్పుపట్టి, దీపమునకు చేరవలసిన విద్యుత్తు త్రోవలోనే తగ్గుచున్నది. వోల్టేజి నూటికి పది వంతులు తగ్గినచో హాలోజెను వెలుగు నూటికి ముప్పది వంతులు తగ్గును. లావైన తీగ వేయించి, రిలే నొకదానిని పెట్టించినచో, బుడ్డి మార్చకయే దీపము క్రొత్తదైనట్లుండును. వెండిపూత మాసిన దీపపు గిన్నెను మార్పింపవలెను. పిదప గోడకు పది మీటర్ల దూరమున సమతలమున బండి నిలిపి, క్రింది వెలుగు యొక్క పై యంచు దీపపు నడిమి యెత్తుకంటె పది సెంటీమీటర్లు క్రిందుగ గోడపై పడునట్లు మరలు త్రిప్పి సరిచేయవలెను. డిక్కీలో బస్తాలు వేసిన దినమున తోక క్రుంగి వెలుగు పైకి లేచునని మఱువరాదు.

ఇప్పుడు ఖర్చు పొదుపుల మాట. సంవత్సరమునకు 6,000 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు పది కిలోమీటర్లు వచ్చు బండికి 600 లీటర్లు పట్టును. ముందుభాగము కోసి మలచుటవలన నూటికి రెండు వంతులు తగ్గినను 12 లీటర్లు. బాడీ షెడ్డులో పనికి, రంగునకు అగు వేలతో దీనిని పోల్చి చూడుడు. టైరులో పది పౌండ్ల గాలి తక్కువైనచో నూటికి రెండు వంతుల ఇంధనము వృథాయని అమెరికా ప్రభుత్వమువారి లెక్క. అనగా ఆ బాడీ పని యంతయు చేయు మేలును, బంకులో రెండు నిమిషములు నిలిచి గాలి కొట్టించుకొన్నవాడు పొందుచున్నాడు. డిక్కీలో దింపక త్రిప్పుచున్న 45 కిలోల యూరియా బస్తా యొకటి నూటికి ఒక వంతు తినును. చిన్నదగు మారుతికి అంతకంటె నెక్కువ.

చట్టము కూడ తెలిసియుండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. తయారీదారు నిర్ణయించినదానికి భిన్నముగ మార్చుట చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. ఆ సంవత్సరపు సవరణ వలన ఇట్టి ప్రతి మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, ఆరు నెలలకు మించని జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. తోకలు, కోసిన ముఖములు ఈ క్రిందికే వచ్చును. ప్రమాదము జరిగిన దినమున భీమా కంపెనీవాడు మొదట చూచునది కూడ ఇదియే.

ఏ మార్పు చేసినను దాని ఫలమును స్వయముగ కొలిచి చూడవలెను. గాలి లేని తెల్లవారుజామున, జనసంచారము లేని సమమైన రోడ్డుపై 60 కిలోమీటర్ల వేగమునకు తెచ్చి, గేరు న్యూట్రలునకు మార్చి, 40 కిలోమీటర్లకు దిగువఱకు ప్రక్కవాడు గడియారమున సెకన్లు లెక్కింపవలెను. ఇంజను ఆర్పరాదు, ఆర్పినచో బ్రేకు బలము తగ్గవచ్చును. మనము పైన చెప్పిన బండికి ఇది సుమారు 25 సెకన్లు పట్టును. గాలి నిరోధము నూటికి పది వంతులు తగ్గినచో హెచ్చునది ఒక్క సెకను మాత్రమే. అందుచే రెండు దిక్కులందును నాలుగైదు మార్లు చేసి సగటు తీయవలెను. టైర్ల గాలి, బండిలోని మనుష్యులు ప్రతిమారును ఒక్కటిగ నుండవలెను. ఈ పరీక్షను క్యారియరు తీయక ముందొకమాఱు, తీసిన పిదప నొకమాఱు చేసి, సెకన్లను, ఆ నెలలో పోయించిన పెట్రోలును, తిరిగిన కిలోమీటర్లను ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో, బాడీ షెడ్డువారు ఏమి చెప్పినను ఆ పుస్తకము తెఱచి చూచుకొనవచ్చును.